పెడల్ మీద పాదం: తొక్కేవారు ఎలాంటి పాదరక్షలు ఎంచుకోవాలి?



ఈమధ్య ఒకే వారంలో ఇద్దరు మన ఆసుపత్రికి పాదాల సమస్యతో వచ్చారు. మొదట ఒక తల్లి తన కొడుకును తీసుకొని వచ్చింది. అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెలవుల్లో స్నేహితుని దగ్గర చూసి ఒంటిచక్రపు సైకిలు నేర్చుకుంటున్నాడు. రెండు చీలమండల లోపలి వైపు చర్మం గీరుకుపోయింది. మోకాలి కింద ముందువైపు ఎముక మీద దెబ్బలు. మందు వేసి కట్టు కట్టిన తరువాత ఆ తల్లి మమ్మల్ని అడిగింది: "వీడు మానేలా లేడండి. కనీసం ఎలాంటి బూట్లు కొనాలో చెప్పండి."

రెండవవారు ఇంటింటికీ పాలు పోసే ఒక పెద్దాయన. 12 సంవత్సరాలుగా షుగరు వ్యాధి ఉంది. తెల్లవారకముందే రెండు క్యాన్లు కట్టుకొని సైకిలు మీద బయలుదేరుతారు. కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. ఆయన సైకిలు కుడి పెడల్‌కు రబ్బరు ఎప్పుడో ఊడిపోయి, ఇనుప కడ్డీ మాత్రమే మిగిలింది. ఆ కడ్డీ ఒత్తిడికి బొటనవేలి మొదట్లో, అరికాలి కింద పుండు పడింది. గచ్చు మీద రక్తపు మరకలు చూసి ఆయన భార్య అడిగే వరకు ఆయనకే తెలియదు. తెలిసిన తరువాత కూడా రెండు వారాలు ఆగారు. "నొప్పి లేదు కదండీ, అదే మానిపోతుందనుకున్నాను" అన్నారు.

అబ్బాయికి నొప్పి తెలిసింది కాబట్టి ఆ రోజే వచ్చాడు. పెద్దాయనకు నొప్పి తెలియలేదు కాబట్టి ఆలస్యమైంది. ఇద్దరి గాయాలకూ కారణం మాత్రం ఒక్కటే. పెడల్ మీద పెట్టే పాదానికి తగిన రక్షణ లేదు. మన కుటుంబాలలో బడికి వెళ్లే పిల్లలు, పనికి వెళ్లే పెద్దలు, కూరగాయలు, పాలు, పేపర్లు వేసేవారు ఎందరో రోజూ సైకిలు తొక్కుతారు. అందుకే ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని తీసుకున్నాము.

పెడల్ మీద పాదం ఏమి పని చేస్తుంది?

నడిచేటప్పుడు మొదట మడమ నేలకు ఆనుతుంది. తరువాత బరువు మెల్లగా వేళ్ల వైపు జరుగుతుంది. అంటే శరీరపు బరువును పాదమంతా వంతులవారీగా మోస్తుంది. సైకిలు తొక్కేటప్పుడు అలా జరగదు. మడమ గాలిలోనే ఉంటుంది. పనంతా వేళ్ల మొదళ్ల కింద ఉన్న వెడల్పాటి భాగం మీదనే పడుతుంది. దీనిని ఈ పాఠంలో 'ముందరి అరికాలు' అని పిలుద్దాము. ఇది పెడల్ ఇరుసుకు సరిగ్గా పైన ఉంటే బలం చక్కగా చక్రానికి చేరుతుంది. వేళ్ల కొసలతో తొక్కేవారికి పిక్కలు త్వరగా లాగుతాయి, పాదం కూడా జారుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. మామూలుగా తొక్కేవారు నిమిషానికి సుమారు 60 చుట్లు తిప్పుతారనుకుందాము. అరగంటలో ఒక్కొక్క పాదం 1,800 సార్లు పెడల్‌ను నొక్కుతుంది. రానూపోనూ గంట ప్రయాణమైతే 3,600 సార్లు. అన్నిసార్లూ అదే చోట, అదే చర్మం మీద. చెప్పు అడుగు పలచబడితే ఆ చోటు ఎంత శ్రమకు లోనవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

కాబట్టి తొక్కేవారి పాదరక్షకు మూడు పనులు ఉన్నాయి. పెడల్ ఒత్తిడిని ఒకే చోట పడనీయకుండా అరికాలంతా పంచాలి. పాదం పెడల్ మీద నుండి జారకుండా పట్టి ఉంచాలి. పాదం జారినా, మనిషి పడినా, దెబ్బ చర్మానికి తగలకుండా అడ్డుపడాలి. ధర, రంగు, కంపెనీ పేరు ఈ మూడింటి తరువాతనే.

కొనేటప్పుడు చూడవలసిన ఆరు సంగతులు

1. అడుగు భాగం: చెప్పును లేదా బూటును రెండు చేతులతో పట్టుకొని వంచి చూడండి. వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో విరిగినట్లు మడతపడకూడదు. తడిగుడ్డను పిండినట్లు మెలితిరిగితే అది పెడల్‌కు పనికిరాదు. మరీ మెత్తగా, దిండులాగా ఉండే అడుగు నడకకు హాయిగా ఉన్నా, పెడల్ అంచు దానిలోకి దిగి అరికాలికి తగులుతుంది.

2. పట్టు: అడుగు రబ్బరుతో, చదునుగా, నిస్సారమైన గీతలతో ఉండాలి. నున్నటి తోలు అడుగు వానలో జారుతుంది. ఎత్తు మడమల చెప్పులు, ఆటల కోసం అడుగున ముళ్లున్న బూట్లు పెడల్ మీద నిలవవు.

3. మడమ: పాదరక్ష పాదంతో పాటు కదలాలి. బూటు అయినా కావాలి, లేదా మడమ వెనుక పట్టీ ఉన్న శాండల్ అయినా కావాలి. వెనుక పట్టు లేనిదైతే పాదం పైకి లేచిన ప్రతిసారీ చెప్పు వేలాడుతుంది.

4. వేళ్లు: ముందు భాగం మూసి ఉంటే మంచిది. సైకిలు పడిపోయేటప్పుడు, రాళ్ల దారిలో కాలు ఆనించేటప్పుడు మొదట దెబ్బ తినేవి వేళ్లే.

5. లేసులు: లేసులున్న బూట్లయితే రెండు ముడులు వేసి, మిగిలిన కొసలను బూటు లోపలికి దోపాలి. వేలాడే లేసు చైనులో గాని, పెడల్ ఇరుసుకు గాని చుట్టుకుంటే పాదం అక్కడే ఇరుక్కుపోతుంది, మనిషి పక్కకు పడిపోతాడు. ప్యాంటు అంచు, లుంగీ, చున్నీ, చీర కుచ్చిళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

6. కొలత: నిలబడినప్పుడు, అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు ముందు అంచుకూ మధ్య ఒక సెంటీమీటరు, అంటే దాదాపు చేతి బొటనవేలి గోరు వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలి కంటే పక్క వేలు పొడవుగా ఉంటుంది, అప్పుడు దానిని బట్టి కొలవాలి. బిగుతు బూటు కాలక్రమంలో సాగుతుందనే మాట నమ్మి కొనకండి. అది సాగేలోపు చర్మం పాడవుతుంది.

సాయంత్రం పూట కొనడం మంచిది. రోజంతా నిలబడి, తిరిగి ఉన్నందువల్ల పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బుతాయి. రెండు పాదాలూ కొలిపించుకోండి. చాలామందికి ఒక పాదం రెండవదాని కంటే కొద్దిగా పెద్దది. పెద్ద పాదానికి సరిపోయే కొలతనే తీసుకోండి. సాక్సులు వేసుకునే అలవాటుంటే వేసుకొని చూడండి.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. బూట్లు వేసుకొని, పక్కన ఏదైనా పట్టుకొని, మెట్టు అంచు మీద ముందరి అరికాలు ఆనించి బరువు వేయండి. మెట్టు అంచు అరికాలికి స్పష్టంగా తెలుస్తోందంటే రేపు పెడల్ కూడా అలాగే తెలుస్తుంది. అటువంటి జతను పక్కన పెట్టండి.

హవాయి చెప్పుల సంగతి

మన ఇళ్లలో ఎక్కువమంది తొడుక్కొనేవి ఇవే. వాటిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. వాకిట్లో తిరగడానికి, స్నానాల గదికి అవి చాలు. కాని తొక్కడానికి అవి సరిపోవు. చెప్పు జారిపోకుండా బొటనవేలు, పక్క వేలు ఎప్పుడూ పట్టీని బిగించి పట్టుకోవలసి వస్తుంది. గుంటలో సైకిలు ఎగిరినప్పుడు చెప్పు ఊడిపోతే పాదం నేరుగా ఇనుము మీద పడుతుంది. రద్దీ రోడ్డులో జారిన చెప్పు కోసం వంగి చూసి పడినవారిని మేము చూశాము.

ఖరీదైన బూట్లు అందరూ కొనలేరని మాకు తెలుసు. వెనుక పట్టీ ఉన్న గట్టి రబ్బరు శాండల్ గాని, పిల్లలు బడికి వేసుకొనే కాన్వాస్ బూట్లు గాని చాలు. అది కూడా ఇప్పుడే వీలుకాకపోతే కనీసం రెండు పనులు చేయండి. చెప్పు అడుగున ముందరి అరికాలు ఆనే చోట గుంట పడిందేమో చూసి, పడితే మార్చండి. పెడల్‌కు రబ్బరు ఊడిపోతే సైకిలు దుకాణంలో కొత్త పెడల్ వేయించండి. పుండుకు కట్టు కట్టించుకోవడానికి నెలల తరబడి తిరిగే ఖర్చు ముందు పెడల్ ఖర్చు ఎంత?

వెనుక కూర్చునే పిల్లలు

చెప్పుల మాట వచ్చినప్పుడు, తొక్కేవారితో పాటు వెనుక క్యారియర్ మీద కూర్చునే పిల్లవాని పాదాల గురించి కూడా ఆలోచించాలి. వేలాడే చిన్న కాలు తిరిగే చక్రం పుల్లల మధ్యకు వెళ్లితే, మడమ, చీలమండ నలిగిపోతాయి. ఒట్టి కాళ్లతో ఉన్న పిల్లలకు దెబ్బ మరింత లోతుగా తగులుతుంది. మడమను పూర్తిగా కప్పే బూట్లు వేయండి. వెనుక చక్రానికి రెండు పక్కలా వల గాని రేకు గాని బిగించి, కాళ్లు ఆనించుకోవడానికి ఊతం పెట్టించండి. ఊతం అందనంత చిన్న పిల్లలను క్యారియర్ మీద కూర్చోబెట్టకండి.

ఒకవేళ కాలు ఇరుక్కుంటే గట్టిగా లాగవద్దు. సైకిలును కదలనీయకుండా పట్టుకొని, చక్రాన్ని మెల్లగా వెనక్కు తిప్పి గాని, అవసరమైతే పుల్లలు కత్తిరించి గాని కాలును విడిపించండి. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకొని రండి. పసుపు, కాఫీపొడి, ఇంజను నూనె వంటివి పెట్టవద్దు. మొదటి రోజు చర్మం గీసుకుపోయినట్లు మాత్రమే కనిపించవచ్చు. కాని లోపల నలిగిన చర్మం కొన్ని రోజుల తరువాత నల్లబడి ఊడిపోవచ్చు. అందుకే చిన్న దెబ్బ అనుకొని వదిలేయకుండా, ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించి, డాక్టరు చెప్పిన రోజున మళ్లీ చూపించండి. ధనుర్వాతం టీకా సంగతి కూడా అడగండి.

ఒంటిచక్రపు సైకిలుకు ఎలాంటి బూట్లు?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. ఒంటిచక్రపు సైకిలు అనగానే మనకు సర్కసు గుర్తుకు వస్తుంది. కాని జపాన్‌లో చాలా ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు దీనిని మామూలు ఆటలాగే నేర్చుకుంటారు. శరీరానికి నిలకడ, నడుముకు బలం వస్తాయి. కాబట్టి అబ్బాయిని మానిపించమని మేము చెప్పలేదు. పాదాన్ని కాపాడుకొని నేర్చుకోమన్నాము.

మామూలు సైకిలుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సాధారణంగా దీనికి చైను ఉండదు. పెడల్ కడ్డీలు నేరుగా చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తిరిగినంతసేపు పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లు ఆపి ఊరకే కూర్చోవడానికి వీలుండదు. వేగం తగ్గించాలన్నా పాదంతోనే ఎదురు నొక్కాలి. నిలకడ తప్పినప్పుడు నేర్చుకొనేవాడు పెడల్ వదిలి రెండు కాళ్ల మీద నేలకు దూకాలి. అంటే ఇక్కడ పాదమే ఇంజను, పాదమే బ్రేకు, పడేటప్పుడు ఆనేదీ పాదమే. బూట్లను ఈ మూడు పనులనూ దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవాలి.

అడుగు చదునుగా ఉండాలి. పెడల్‌ను పట్టుకోవాలి, కాని క్షణంలో వదలగలగాలి కూడా. లోతైన గాట్లున్న అడుగు పెడల్ అంచుకు తగులుకొని, దూకవలసిన సమయంలో పాదం రాదు. బూటును పెడల్‌కు బిగించే రకాలు నేర్చుకొనేవారికి అసలే వద్దు.

బూటు చీలమండ దాకా రావాలి. పెడల్ కడ్డీ చీలమండ ఎముకకు చాలా దగ్గరగా తిరుగుతుంది. ఆ అబ్బాయికి గీరుకున్నది అక్కడే. బాస్కెట్‌బాల్ ఆడేవారు వేసుకొనే ఎత్తు బూట్లు, లేదా ఎత్తు కాన్వాస్ బూట్లు ఇందుకు బాగుంటాయి. అడుగు భాగం బూటు పక్కలకు ఎక్కువగా పొడుచుకు వచ్చి ఉంటే కడ్డీకి రాసుకుంటుంది. పక్కలు నున్నగా ఉన్న జత చూడండి.

లేసుల జాగ్రత్త ఇక్కడ రెండింతలు అవసరం. చుట్టుకున్న లేసును విప్పుకోవడానికి ఆగే వీలు ఈ సైకిలు మీద ఉండదు. లేసుల పైన అంటుకొనే పట్టీ ఉన్న బూట్లు దొరికితే మేలు.

బూట్లతోనే పని పూర్తి కాదు. మోకాలి కింద ఎముకకు ఫుట్‌బాల్ ఆటగాళ్లు కట్టుకొనే గార్డులు, తలకు హెల్మెట్, మణికట్లకు రక్షణ ఉండాలి. ఇనుప ముళ్లున్న పెడళ్లకు బదులు ప్లాస్టిక్ పెడళ్లతో నేర్చుకోవాలి. మొదటి రోజులలో గోడ పక్కన గాని, ఇద్దరి భుజాలు పట్టుకొని గాని, వాహనాలు రాని చదును నేల మీద అభ్యాసం చేయాలి.

నొప్పి తెలియని పాదాలు

ఇక పాలు పోసే పెద్దాయన విషయం. ఇంతవరకు చెప్పినదంతా నొప్పి తెలిసే పాదాలకు సంబంధించినది. బూటు కరిస్తే మనం కుంటుతాము, విప్పి చూస్తాము, మార్చుకుంటాము. షుగరు వ్యాధి చాలాకాలం ఉన్నవారిలో, ముఖ్యంగా అదుపులో లేనివారిలో, పాదాల నరాలు దెబ్బతింటాయి. కుష్ఠు వ్యాధి మందులతో పూర్తిగా నయమైనా, అప్పటికే పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ఇటువంటి పాదానికి మేకు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఉన్నా, పెడల్ కడ్డీ ఒత్తుతున్నా తెలియదు.

ఈ సంగతిని లోకానికి స్పష్టంగా చూపించినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యులు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు శస్త్రచికిత్సలు చేశారు. కుష్ఠు రోగుల పాదాలు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని ఆ రోజుల్లో అందరూ అనుకొనేవారు. అది నిజం కాదని, నొప్పి తెలియకపోవడం వల్ల అదే చోట మళ్లీమళ్లీ ఒత్తిడి, దెబ్బలు తగిలి పుండ్లు పడుతున్నాయని ఆయన, ఆయన సహచరులు గ్రహించారు. అయితే పుండ్లను ఆపడానికి ఒక మార్గం సరైన చెప్పులే అవుతాయి. వెల్లూరులోను, దగ్గరలోని కరిగిరిలోను జరిగిన ఆ కృషి వల్ల మెత్తటి రబ్బరు చెప్పులు వాడుకలోకి వచ్చాయి. వాటినే మనం ఎం.సి.ఆర్. చెప్పులు అంటాము. డాక్టర్ బ్రాండ్ 2003లో మరణించారు. ఆ చెప్పులు ఇప్పుడు షుగరు రోగుల పాదాలను కూడా కాపాడుతున్నాయి.

ఎం.సి.ఆర్. అంటే లోపల కంటికి కనిపించనంత చిన్న గాలి గుల్లలున్న రబ్బరు. అరికాలు దానిలో కొద్దిగా దిగి, ఒత్తిడి ఒకే చోట పడకుండా అంతటా పంచబడుతుంది. మంచి ఎం.సి.ఆర్. చెప్పుకు పైన ఈ మెత్తటి పొర, కింద గట్టి రబ్బరు అడుగు, మడమ వెనుక పట్టీ, పాదం మీద సరిచేసుకొనే వెడల్పు పట్టీలు ఉంటాయి. వేళ్ల మధ్య పుల్ల ఉండదు. మేకులు వాడరు, అంటించి కుట్టుతారు. సైకిలు తొక్కేవారికి కింది గట్టి అడుగు చాలా ముఖ్యం. పై మెత్తదనం ఒక్కటే ఉంటే పెడల్ దానిని నొక్కి పలచన చేస్తుంది. అందుచేత చెప్పులు చేయించుకొనేటప్పుడు "నేను రోజూ సైకిలు తొక్కుతాను" అని తప్పక చెప్పండి.

ఇంతకుముందు చెప్పిన మెట్టు పరీక్ష స్పర్శ లేనివారికి పనికిరాదు. వారి తరఫున ఇంటివారు చేయాలి. బూటు లోపల ఒక చేయి పెట్టి, బయట నుండి రెండవ చేతి బొటనవేలితో అడుగును గట్టిగా నొక్కండి. లోపలి చేతికి ఆ వేలు స్పష్టంగా తెలిస్తే ఆ అడుగు చాలదు. లోపలంతా తడిమి, కుట్లు, మడతలు, మేకు కొసలు ఉన్నాయేమో చూడండి. కొలత కోసం కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించి, బూటు లోపల పెట్టి చూడండి. కాగితం అంచులు ముడుచుకుంటే బూటు ఇరుకని అర్థం.

మీ పాదాలకు స్పర్శ ఉందా?

ఇంట్లోనే ఒక తేలిక పరీక్ష చేయవచ్చు. రోగిని పడుకోబెట్టి, కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆయన బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు క్షణాలు, తేలికగా తాకండి. నొక్కవద్దు, గీరవద్దు, తట్టవద్దు. తాకినప్పుడు ఏ కాలో చెప్పమనండి. రెండు పాదాలలో కలిపి ఆరు చోట్ల తాకుతారు. వాటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లు భావించి ఆసుపత్రికి రండి. అక్కడ 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాను తంతితో పరీక్షించి నిర్ధారిస్తారు. ఇంటి పరీక్షలో అన్నీ తెలిసినా, షుగరు ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా పాదాలు పరీక్ష చేయించుకోవాలి.

స్పర్శ తగ్గినవారు ఒట్టి కాళ్లతో గాని, హవాయి చెప్పులతో గాని సైకిలు తొక్కకూడదు. కొత్త చెప్పులను మొదటి రోజే పనికి వేసుకొని వెళ్లవద్దు. మొదట ఇంట్లో ఒక గంట వేసుకొని విప్పి చూడండి. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు రంగుకు రాకపోతే చెప్పు అక్కడ ఒత్తుతోందని అర్థం. సరిచేయించండి. రోజుకు కొంచెంగా సమయం పెంచండి. నల్లని చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు, చేతి వెనుక భాగంతో తాకి, మిగతా చోటు కంటే వేడిగా ఉందేమో చూడండి.

అరికాలి కింద పుండు గాని, నీటి బొబ్బ గాని ఉన్నప్పుడు సైకిలు ఎక్కవద్దు. అది మానే వరకు ఆ పాదానికి విశ్రాంతి కావాలి. బొబ్బను మీరే చిదపకండి. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి. అదే రోజు వచ్చి చూపించండి.

రాత్రి ఐదు నిమిషాలు

ఎంత మంచి చెప్పు అయినా ఒక పని చేయలేదు. నొప్పి తెలియని మనిషికి అది 'ఇక్కడ దెబ్బ తగిలింది' అని చెప్పలేదు. ఆ పని కళ్లు చేయాలి. ప్రతి రాత్రి పాదాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, వెలుతురులో అరికాళ్లు చూసుకోండి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టి చూడవచ్చు. చూపు మందగించినవారికి భార్య గాని, భర్త గాని, మనవలు గాని చూడాలి. పొడిబారిన చర్మానికి నూనె రాయండి, వేళ్ల మధ్య మాత్రం రాయవద్దు. ఉదయం చెప్పులు వేసుకొనే ముందు తిరగేసి దులిపి, లోపల చేయి పెట్టి తడమండి.

పెద్దాయన పుండు అదృష్టవశాత్తు ఎముక వరకు వెళ్లలేదు. అయినా మానడానికి తొమ్మిది వారాలు పట్టింది. అన్ని వారాలూ ఆయన కొడుకు పని మానుకొని పాలు పోయవలసి వచ్చింది. ఇప్పుడు ఆయన ఎం.సి.ఆర్. చెప్పులతో, కొత్త పెడళ్లతో తొక్కుతున్నారు. రోజూ రాత్రి ఏడేళ్ల మనవరాలు టార్చిలైటు పట్టుకొని తాతయ్య పాదాలు చూస్తుంది. కిందటిసారి వచ్చినప్పుడు ఆయన కంటే ముందు ఆ పాపే మాకు చెప్పింది, ఎడమ మడమ దగ్గర చిన్న పగులు ఉందని. మేము చూశాము. నిజంగానే ఉంది. సమయానికి తెలిసింది కాబట్టి లేపనంతోనే సరిపోయింది.

ఇంట్లో అందరూ కలిసి చర్చించండి

1. మన ఇంట్లో ఎవరెవరు సైకిలు తొక్కుతారు? వారి చెప్పుల అడుగులు ఒకసారి తిరగేసి చూడండి. ఎక్కడ అరిగాయి?

2. మన సైకిలు పెడళ్లకు రబ్బరు ఉందా? వెనుక చక్రానికి పిల్లల కాళ్లు వెళ్లకుండా అడ్డు ఉందా?

3. సాయంత్రం పూట చెప్పులు కొనడం ఎందుకు మంచిది?

4. ఒంటిచక్రపు సైకిలుకు చీలమండ దాకా వచ్చే బూట్లు ఎందుకు కావాలి?

5. మన ఇంట్లో షుగరు ఉన్నవారి పాదాలను రాత్రిపూట ఎవరు చూస్తారు? ఈ రోజే ఒకరిని నియమించుకోండి.